టైల్స్ మీద ఉయ్యాల

ఉయ్యాల చప్పుడు మారింది. మొదట తెలిసింది నా చెవికే.

అప్పటిదాకా ముందుకు వెళ్లేటప్పుడు ఒక కిర్రు, వెనక్కి వచ్చేటప్పుడు ఒక కిర్రు. ఆ రెండూ వినబడుతున్నంతసేపు బెంచీ మీద కూర్చున్న తల్లి తల ఎత్తి చూడాల్సిన పని లేదు. పిల్ల ఊగుతోందని అర్థం. ఆ సాయంత్రం నేను మూడేళ్ల మా బాబుకు చెప్పులు తొడుగుతున్నాను. రెండు కిర్రుల మధ్య 'టక్' అని మరొకటి వినబడింది. ఉయ్యాల బాగా వెనక్కి వెళ్లి, తిరిగి రాబోయే ముందు ఒక్క క్షణం ఆగే చోట. తల ఎత్తాను. నా కూతురు కాళ్లు రెండూ చాచి, మెడ వెనక్కి వాల్చి, కళ్లు మూసుకొని ఊగుతోంది. అది వెనక్కి వెళ్లినప్పుడల్లా ఎడమవైపు ఇనుప స్తంభం, నేలలోకి దిగే చోట, కొంచెం కదిలి మళ్లీ సర్దుకుంటోంది. కదలిక చూస్తే కనబడేంత కూడా లేదు. వింటేనే తెలుస్తోంది.

బాబును ఒంటి చెప్పుతో వదిలేసి పరుగెత్తి గొలుసు పట్టుకున్నాను.

"దిగు."

"ఇప్పుడే గదమ్మా ఎక్కినా!"

"దిగమంటే దిగాలి."

ఆరేళ్ల పిల్లను అందరి ముందు చంకన ఎత్తి దించాను. సిగ్గుతో, కోపంతో గట్టిగా ఏడ్చింది. వెనక వరుసలో ఉన్న పిల్లవాడు ఆ సందు చూసుకొని ఎక్కబోయాడు. "ఎక్కబాక, నాయనా, ఎక్కబాక" అంటూ చెయ్యి అడ్డం పెట్టి, వంగి స్తంభం మొదలు చూశాను. పచ్చరంగు అప్పడంలా పొంగి ఉంది. బొటనవేలితో నొక్కాను. పెచ్చు ఊడి ఎర్రటి నీళ్లు కారాయి. ఇంకొంచెం నొక్కితే వేలి కొన లోపలికి దిగింది. ఇనుములోకి వేలు దిగడం చూడటం అదే మొదటిసారి.

మా పక్కింటి అమ్మాయి బెంచీ మీద నుంచి అరిచింది. ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకొని ఊరందరి జాకెట్లూ కుడుతుంది. నాకంటే రెండేళ్లు చిన్నది. సాయంత్రం కుట్టు పని చాలించి కొడుకుతో పార్కుకు వస్తుంది.

"ఏందక్కా, పాము కనబడిందా?"

"పామైతే బాగుండేది మే. అందరూ భయపడి ఉండేవాళ్లు."

ఆమె వచ్చి చూసింది. "అల్లా" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆ రోజు స్తంభాన్ని చూసి భయపడినవాళ్లం మేమిద్దరమే.

*

కోట బస్టాండు నుంచి సముద్రం వైపు వచ్చే రోడ్డు మీద మా ఊరు. రెండు పక్కలా రొయ్యల గుంటలు. పార్కు ఉన్న చోట ఇంతకుముందు ఖాళీ స్థలం, దాని నిండా ఇసుక. నేను కాపురానికి వచ్చిన కొత్తలో పిల్లలందరూ అక్కడే పొర్లాడేవాళ్లు. ఊళ్లో పెద్ద రొయ్యల రైతు ఒకాయన, వాళ్లమ్మ పోయిన తరువాత, ఆమె పేరు మీద పార్కు కట్టించాడు. మా ఆయనకు వరసకు పెదనాన్న అవుతాడు కాబట్టి నాకు మామయ్య. మా ఆయన గుంటలు వేసేది ఆయన దగ్గర కౌలుకు తీసుకున్న నేలలోనే.

మనసున్న మనిషి. పార్కు మొదలుపెట్టినప్పుడు రోజూ వచ్చి గొడుగు వేసుకొని నిలబడి పని చూసుకునేవాడు. అప్పుడే నేను ఒకసారి వెళ్లి అడిగాను, ఇసుక ఎందుకు తవ్వి పోయిస్తున్నారని. ఉయ్యాల కింద, జారుడుబండ కింద అయినా ఉంచమన్నాను. పిల్లలు ఎక్కడ ఎక్కినా ఎప్పుడో ఒకసారి పడతారు, పడకుండా చెయ్యడం ఎవరి వల్లా కాదు, పడినప్పుడు తల దేనికి తగులుతుందన్నదే మన చేతిలో ఉన్నది, అన్నాను. ఆ మాట ఎక్కడో చదివాను. చదివిన తరువాత మరచిపోలేకపోయాను.

ఆయన నవ్వాడు. "మనకు ఇసక కరువా తల్లీ? ఇంట్లో ఇసక, చేపల గంపలో ఇసక, తినే కూట్లో ఇసక. మా అమ్మ జన్మంతా ఇసకలోనే గడిపింది. నన్నూ ఇసకలోనే పండబెట్టి పనికి పొయ్యేది. ఈ పిల్లోళ్లకి ఆ ఖర్మెందుకు? టైల్స్ ఏయిస్తా. అద్దం మాదిరిగా ఉండాల."

ఆయనకు ఇసుక అంటే లేమి. టైల్స్ అంటే వాళ్లమ్మకు దక్కని గౌరవం. తల పగలడం గురించి నేను చెప్పే మాట ఆ గౌరవానికి అడ్డం వచ్చే మాట. అక్కడితో ఊరుకున్నాను.

అద్దంలాగే వేయించాడు. ఎరుపు, బూడిద రంగు పార్కింగ్ టైల్స్, గోడ నుంచి గోడ దాకా. తెరిచిన రోజు ఊరంతా చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది.

ఆ పార్కులో సాయంత్రాలు కూర్చొని కూర్చొని నాకు ఒకటి అర్థమైంది. దాన్ని కట్టినవాళ్లలో ఒక్కరూ పిల్లవాడి ఎత్తుకు వంగి చూడలేదు. గేటు దగ్గర నిలబడి ఫొటో తీస్తే అన్నీ కనబడేలా అమర్చారు. గేటుకూ జారుడుబండకూ మధ్య ఉయ్యాలలు. జారుడుబండ కోసం పరుగెత్తే చిన్నపిల్లలు ఊగేవాళ్ల కాళ్ల ముందు నుంచే వెళ్లాలి. జారుడుబండ రేకు పడమర ముఖం. సాయంత్రం గేటు తెరిచే వేళకు అది పెనంలా కాలుతుంటుంది. మా బాబు ఒకసారి తొడలు కాల్చుకొని, ఆ తరువాత దాని మెట్లు ఎక్కి, పైన కాసేపు నిలబడి, మళ్లీ మెట్ల మీదుగానే దిగి వచ్చేవాడు. అంత చిన్నపిల్లలకు అక్కడ వేరే ఏమీ లేదు. దాన్ని ఇంకో పక్కకు తిప్పి పెట్టడానికి అదనంగా ఏ ఖర్చూ అయ్యేది కాదు. ఎవరో ఒకరు మధ్యాహ్నం వెళ్లి రేకు మీద చెయ్యి పెట్టి చూసి ఉంటే సరిపోయేది.

ఇంకొక సంగతి. తవ్వి తీసిన ఇసుకను ప్రహరీగోడ వెనక కుప్ప పోశారు. పార్కు మొదలైన వారానికే సగం మంది పిల్లలు గోడ దూకి ఆ కుప్ప మీదికి చేరారు. అక్కడ గుంటలు తవ్వేవాళ్లు, గట్లు కట్టేవాళ్లు, సీసాలతో నీళ్లు తెచ్చి పోసేవాళ్లు, పుల్లలు గుచ్చి నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్లు అనేవాళ్లు. ఒకడు "కరెంటు పోయింది!" అని కేక పెట్టేవాడు. వెంటనే అందరూ బోర్లా పడుకొని, రొయ్యలు చచ్చిపోకుండా నీళ్లలోకి ఊదేవాళ్లు. అంత కష్టపడి కట్టించిన పార్కు వదిలి పిల్లలు ఎక్కడ ఆడుతున్నారో చూడమని మామయ్యకు చెప్పాలనిపించింది. చెబితే ఆ కుప్ప కూడా ఎత్తించేస్తాడేమోనని భయపడి చెప్పలేదు.

*

స్తంభం కదిలిన మరునాడు పొద్దున్నే మామయ్య ఇంటికి వెళ్లాను. వరండాలో మేత బస్తాలు దించిస్తున్నాడు.

"స్తంభం మొదలంటా కుళ్లిపోయింది మామయ్యా. వేలు దిగుతోంది. కొత్తది పాతేదాకా గేటుకు తాళం వేయించండి."

"కుళ్లేదానికి అదేమన్నా కొయ్యా అమ్మా? ఇనుము. ఉప్పు గాలికి పైన కాస్త తుప్పు పట్టుంటాది."

"పైన కాదు, లోపల. స్తంభం చుట్టూ టైల్స్ ఎత్తుగా వేశారు. వాననీళ్లు మొదట్లో నిలబడిపోతున్నాయి."

"బీఎస్సీ చదివినావు గదా, తుప్పు గురించి నీకు తెలిసినంత మాకు తెలవదులే." ఎగతాళిగా కాదు, ముద్దుగానే అన్నాడు. అందుకే ఎక్కువ మండింది. తుప్పు మీద పరీక్షలో రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఈ వరండాలో ఆ రెండు పేజీలకు విలువ లేదు. "నువ్వు దిగులు పెట్టుకోబాక. రేపే మనిషిని పంపిస్తా."

పంపించాడు. మాట తప్పే మనిషి కాదు. వచ్చినతను పొంగిన పెచ్చులు గీకి, గుంటలో పుట్టీ నింపి, రెడాక్సైడ్ పూసి, పైన పచ్చరంగు వేసి, గొలుసులకు గ్రీజు పెట్టి వెళ్లాడు. ఉయ్యాల కొత్తదానిలా మెరిసింది. కిర్రు లేదు, టక్కూ లేదు. చెవికి తెలిసే ఆ ఒక్క గుర్తు కూడా పోయింది. చేత్తో ఊపి చూస్తే ఏమీ కదల్లేదు, పుట్టీ బిగించి పట్టుకుంది. లోపల ఉన్నది ఇంకా అదేనని నాకు తెలుసు. నాకు తెలుసని ఇంకెవరికీ పట్టలేదు.

మా ఆయన గుంటల దగ్గరి నుంచి అన్నానికి వచ్చినప్పుడు చెప్పాను.

"చెప్పినావు, ఆయన బాగు చేయించినాడు. ఇంకా ఏంది?"

"బాగు చెయ్యలా. రంగేసినాడు."

"ఇప్పుడు ఆయన నేలలో పంట మధ్యలో ఉండాం. పోయి పోయి వాళ్లమ్మ పేరు మీద కట్టించిన దాని మీదనా నీ తగువు? మన పిల్లల్ని పంపించబాక. అంతే గదా."

అంతేనా? ఆ సాయంత్రం నుంచి మా పిల్లలను పంపలేదు. పార్కు అరుపులు మా ఇంట్లోకి వినబడతాయి. మా అమ్మాయి కిటికీ చువ్వలకు ముఖం ఆనించి నిలబడేది. బడిలో దానికి పేరు కూడా పెట్టారు, భయాలమ్మ కూతురని. నాలుగు రోజులు ఓర్చుకుంది. అయిదో రోజు పెన్సిలు కొనుక్కొస్తానని వెళ్లి ఎంతకీ రాలేదు. వెతుక్కుంటూ వెళితే అదే ఉయ్యాల మీద ఉంది. ఎడమవైపుదే. నన్ను చూసి ఇంకా గట్టిగా ఊగింది.

కొట్టాలనిపించింది. కొట్టలేదు. దాని తప్పేముంది? మెరిసే ఉయ్యాల పిల్లలను రమ్మని పిలుస్తుంది. వద్దని చెప్పడానికి దాని దగ్గర నా భయం తప్ప ఏ ఆధారమూ లేదు.

*

మా అత్తగారు భారీ మనిషి. పెళ్లైన ఏడాది అట్లతద్దెకు మా పెరట్లో చింతకొమ్మకు ఉయ్యాల కట్టారు. మోకు కొత్తది, మా ఆయనా మరిదీ వేలాడి మరీ బిగించారు. నేను ఎక్కబోతే అత్తమ్మ నన్ను పక్కకు నెట్టింది. "ఉండు మే. ముందు నేనెక్కతా. నన్ను మోసిందంటే నిన్ను మోస్తది." చీర దోపుకొని ఎక్కి, కొమ్మ కిందికి వంగిపోయేలా ఊగి, దిగి, మోకు ముడి ఇంకొకసారి తడిమి అప్పుడు నన్ను ఎక్కనిచ్చింది. చిన్నపిల్లలది అందరికంటే ఆఖరి వంతు. వాళ్ల పుట్టింట్లో కూడా అంతేనట, ఉయ్యాల కడితే ఇంట్లో బరువైన ఆడమనిషి ముందు ఎక్కాలి.

పార్కు తెరిచిన రోజు అదే అత్తమ్మ మనవరాలిని ఎత్తి నేరుగా ఉయ్యాల మీద కూర్చోబెట్టింది. ఎవరూ ముందు ఎక్కి చూడలేదు. ఎక్కడానికి లేదు కూడా. "పెద్దలు కూర్చోరాదు" అని పక్కనే బోర్డు ఉంది. ఇప్పుడు ఆ సంగతి గుర్తు చేస్తే అత్తమ్మ విసుక్కుంది. "అది తాడు. ఇది ఇనుము. రెండూ ఒకటేనా?"

తాడు తెగుతుందని అందరికీ తెలుసు, అందుకే తడిమి చూస్తారు. ఇనుము విరుగుతుందని ఎవరూ అనుకోరు, అందుకే రంగు చూసి నమ్ముతారు. నా కూతురు ఊగుతూ నా వైపు చూసిన ఆ చూపు తలలో తిరుగుతుండగా నాకు తోచింది ఒక్కటే.

మరునాడు సాయంత్రం పార్కుకు వెళ్లాను. పిల్లలను తీసుకుపోలేదు. వాళ్లే వెనక వచ్చారు. ఎడమ ఉయ్యాల మీద ఉన్న ఎవరో పాపను దించాను. చున్నీ నడుముకు బిగించాను.

పక్కింటి అమ్మాయి లేచి నిలబడింది. "అక్కా, ఏం జేస్తాండావు? బోర్డు చూడు!"

"చదివినా మే. పిల్లోళ్లని దూరంగా పట్టుకో."

"పడితే నడుములు ఇరుగుతాయి!"

"నావే గదా."

కూర్చున్నాను. పలక ఇరుకు, తొడలు ఒత్తుకున్నాయి. బెంచీల మీద నవ్వులు మొదలయ్యాయి. "ఆ పక్క ఉయ్యాల కూడా ఎక్కు వదినా, అలగతాది!" అని ఎవరో అన్నారు. కాళ్లు నేలకు దగ్గరగా ఉంచుకొని మెల్లగా ఊగాను. ఏమీ కాలేదు. ఇంకొంచెం ఊగాను. ఏమీ కాలేదు. ఆ క్షణంలో, నిజం చెబుతున్నాను, అది విరగకపోతే బాగుండునని కోరుకున్నాను. ఊరందరి ముందు పిచ్చిదాన్నై, నవ్వించి, పిల్లలను ఎక్కించి ఇంటికి పోవచ్చు.

వెనక్కి వెళ్లి ఆగిన చోట ఆ చప్పుడు మళ్లీ వచ్చింది. ఈసారి టక్ కాదు, తడి కొమ్మ చీలినట్టు. స్తంభం మొదట్లో మడత పడింది, పైన అడ్డకమ్మీ ఒరిగింది, నేను పక్కకు టైల్స్ మీద పడ్డాను. మోచెయ్యి ముందు తగిలింది, తరువాత తుంటి. ఉయ్యాల పలక నా తల పక్కనే టైలు మీద పడి దాని మూల పగలగొట్టింది. ఆ మూల వైపు చూస్తూ చాలాసేపు లేవలేకపోయాను. నొప్పి వల్ల కాదు.

*

ఇక అందరికీ తెలుస్తుందనుకున్నాను. ఇక్కడే నేను పొరబడ్డాను.

మూగినవాళ్లలో ఒకామె వంగి విరిగిన మొదలు చూసింది. లోపల ఇనుము లేదు, ఎర్రటి పొడి, పైన పుట్టీ, ఆ పైన రంగు. చూసి, లేచి, "పెద్దమనిషి బరువుకు ఏ ఇనుమైనా ఇరుగుద్ది" అంది. కళ్లతో చూసిన తరువాత కూడా. పక్కింటి అమ్మాయి ఆమెను వదల్లేదు. "నీ కళ్లేమన్నా టైలర్ దగ్గర కుట్టించినావా అక్కా? లోపల ఏముండాదో చూడు!" అని గొడవపడింది. అప్పటికే ఫోన్లలో నేను పడిన వీడియో తిరుగుతోంది. అందులో స్తంభం మొదలు లేదు. నేనే ఉన్నాను.

మామయ్య వచ్చాడు. ఒరిగిన కమ్మీ వైపు, వాళ్లమ్మ పేరున్న రాయి వైపు చూశాడు. నా మీద అరిచి ఉంటే బాగుండేది.

"దెబ్బలు తగిలినాయా అమ్మా?"

"నాకు తగిలింది పరవాలేదు మామయ్యా. ఆ పగిలిన టైలు చూడండి. అక్కడ ఒక పిల్ల తల ఉంటే?"

"పిల్ల ఎక్కితే ఇరిగేది కాదు గదా తల్లీ." వాళ్లమ్మ పేరున్న రాయి మీది దుమ్ము తుడిచాడు. "కొత్తది ఏయిస్తాలే. దీనికంటే మందం ఇనుము ఏయిస్తా."

"కింద ఇసుక పోయించండి. అదొక్కటే అడుగుతున్నా."

"ఇసక పోస్తే అది పార్కు ఎట్టవుద్ది?"

గేటుకు తాళం వేయించాడు. స్తంభం కుళ్లిందని నేను చెప్పిన రోజు వెయ్యని తాళం, నేను విరగ్గొట్టానని ఆ సాయంత్రం వేశాడు. బోర్డు అక్షరాలు ఇంకా పెద్దవి చేయిస్తాడట. మా ఆయన నా మోచేతికి పసుపు రాశాడు. రాయడం అయిపోయాక, "పిలకాయలు ఎక్కుంటే..." అని ఆపేశాడు. పక్కింటి అమ్మాయి కాక, ఊరు మొత్తంలో అంత దూరం వచ్చింది ఆయన ఒక్కడే. ఆ మాట కూడా పూర్తి చెయ్యలేదు.

చెయ్యి ఇంకా వాచే ఉంది. పిల్లలు పడుకున్నాక, ఆ చేత్తోనే కాగితం ఒత్తి పట్టుకొని ఇదంతా రాస్తున్నాను. గుంటల వైపు నుంచి ఏరేటర్ల మోత వస్తూనే ఉంది. రాస్తే కోపం తగ్గుతుందంటారు. తగ్గలేదు. పిల్లల ఆటస్థలానికి కావలసింది ఏమంత గొప్పది? కింద మెత్తటి నేల, ఎండ తగలని రేకు, పరుగెత్తేవాళ్లకు దారి, ఏడాదికి రెండుసార్లు మొదలు తట్టి చూసే మనిషి. కాళ్ల కింద ఉన్న ఇసుకను డబ్బు పెట్టి తీసేసిన ఊళ్లో ఆ మాట ఎన్నిసార్లు చెప్పాలి?

నేను పడిన రాత్రి మా అమ్మాయి గోడ వైపు తిరిగి పడుకుంది. మర్నాడు పొద్దున జడ వేస్తుంటే అద్దంలో నన్ను చూస్తూ అడిగింది.

"అందరూ నువ్వే ఇరగ్గొట్టినావు అంటాండారు. ఎందుకెక్కినావమ్మా?"

బాబు పాలగ్లాసు పట్టుకొని వచ్చి నిలబడ్డాడు. వాడి పెదవి మీద మీగడ ఉంది.

"నువ్వు ఎక్కినప్పుడు ఇరగకుండా, నేను ఎక్కినప్పుడే ఇరగాలని ఎక్కినా" అన్నాను.

అది జడతో సహా నా వైపు తిరిగింది.

"తాతయ్య కొత్తది ఏయిస్తాడంట. అదీ ఇరుగుద్దా?"

"తెలీదు."

"మరి ఎట్ట తెలస్తది?"

రిబ్బను ముడి వేసి, ఇద్దరినీ నా ముందు నిలబెట్టి చెప్పాను. "ఈ ఊళ్లో గానీ, బడిలో గానీ, ఏ ఊళ్లో గానీ, ఉయ్యాల ఎక్కేముందు నన్ను పిలవండి. ముందు నేనెక్కతా. బోర్డున్నా సరే ఎక్కతా. అందరూ నవ్వుతారు, మీరు కూడా నవ్వండి, నాకేం కాదు. నేను దిగొచ్చి రండి అనేదాకా మాత్రం, దాని మీద చెయ్యి కూడా పెట్టబాకండి."